నేను వచ్చేదాకా మిషన్ విప్పొద్దు

వికారాబాద్ దగ్గర,
29 సెప్టెంబర్ 2024

అక్కా,

నమస్తే. ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో గుర్తు రాక కాగితాలు పాడు చేస్తుంటే పక్క మంచం ధర్మరాజు అన్నాడు, "క్షేమం అని రాయి భాయ్, మిగిలింది అదే వస్తది." క్షేమం అని రాస్తే నువ్వు నమ్మవు. అందుకని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఇక్కడ ఫోన్లు ఉండవు. మూడు నెలలూ ఉత్తరాలే. మందు మానిపించే చోట ఫోన్ ఎందుకు లాక్కుంటారో మొదట అర్థం కాలేదు. ఇప్పుడు అవుతోంది. ఫోన్ చేతిలో ఉంటే నేను ఎవరికి చేసేవాణ్ణో నీకు తెలుసు. చేతుల వణుకు తగ్గింది. కానీ కూర్చోలేను, పడుకోలేను. వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతూనే ఉంటాను. మా కౌన్సిలర్ బ్యూలా మేడం నన్ను చూసి "చేతులకు ఏదైనా పనివ్వు విజయేందర్" అంటుంది. ఇన్నేళ్లూ ఇల్లిల్లూ తిరిగి వ్యాక్యూమ్ క్లీనర్లు బాగుచేసిన చేతులకు ఇక్కడ దొరికింది గడ్డి పీకే పని.

అసలు సంగతికి వస్తాను. డిసెంబర్ మధ్యలో నన్ను బయటికి పంపుతారు. పంపే ముందు ఎవరో ఒకరు మా ఇంటికి తీసుకెళ్తామని చెప్పాలట. నాకు నువ్వు తప్ప ఎవరున్నారు. స్టవ్ మీద పాలు పెట్టి, గ్యాస్ అలాగే వదిలేసి నేను పడిపోయిన రోజున మీ అత్తమ్మ అన్న మాట నేను మర్చిపోలేదు. "వీడన్న ఉండాలె, నేనన్న ఉండాలె" అంది. ఆమె తప్పు లేదు. నువ్వు తొందరపడి జవాబు రాయకు. బావతో నెమ్మదిగా మాట్లాడు.

ఇంకొకటి. మన ఇంట్లో వ్యాక్యూమ్ మిషన్‌ని నేను వచ్చేదాకా విప్పొద్దు. వాడుకోండి. విప్పడం మాత్రం వద్దు.

ఉంటాను,
విజయేందర్

•

పద్మారావు నగర్,
7 అక్టోబర్ 2024

తమ్ముడూ,

నీ ఉత్తరాన్ని పోస్ట్‌మ్యాన్ అత్తమ్మ చేతికే ఇచ్చాడు. నేను స్కూల్ ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది. "ఏం రాసిండు చూడు జెర. తింటున్నడా?" అని అడిగింది. నిన్ను తిట్టేదీ ఆమే, తిన్నావా అని అడిగేదీ ఆమే. ఈ ఇంట్లో నాకు అర్థం కాని మనిషి ఆమె ఒక్కతే.

బతుకమ్మ రోజులు కదా, నిన్న మోండా మార్కెట్‌కి వెళ్లి తంగేడు, గునుగు తెచ్చాను. ఇంటినిండా పూల రజను. పైగా మన ఎదురింటిని కూలగొట్టి అపార్ట్‌మెంట్ లేపుతున్నారు, పొద్దుటికి తుడిచిన బల్ల మధ్యాహ్నానికి తెల్లగా అవుతోంది. మిషన్ పెడితే గుర్రుమని అరుస్తుంది గానీ గునుగు రేకు కూడా లాగడం లేదు. మీ బావ విప్పి చూస్తానన్నారు. వద్దన్నాను, నువ్వు వద్దన్నావని.

కానీ ఎందుకు వద్దన్నావో రాయలేదు. నువ్వు దేన్నైనా ముట్టుకోవద్దు అంటే నాకు భయం విజయ్. బియ్యం డ్రమ్ములో ఏం దొరికిందో, అటక మీద సూట్‌కేసులో ఏం దొరికిందో నేను మళ్లీ రాయక్కర్లేదు. ఎందుకో ఒక్క ముక్క రాసి పడేయి, నా మనసు కుదుటపడుతుంది.

డిసెంబర్ సంగతి డిసెంబర్‌లో చూద్దాం. ఇప్పటి నుంచీ దాని గురించి ఆలోచించి పరేషాన్ కాకు.

అక్క,
హిమజ

•

వికారాబాద్ దగ్గర,
13 అక్టోబర్ 2024

అక్కా,

దసరా శుభాకాంక్షలు, ఒక రోజు ఆలస్యంగా. ఇక్కడ జమ్మి ఆకు పంచారు. నాకు ఇచ్చినాయన "బంగారం లెక్క ఉండు" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మిషన్ లాగకపోతే ముందు గొట్టం చూడు. ఈ చివర ఒక రూపాయి బిళ్ల వేసి నిలువుగా పట్టుకో. ఆ చివర బిళ్ల పడితే గొట్టం బాగున్నట్టు. పడకపోతే పూలపుల్ల ఏదో అడ్డం పడినట్టు. బ్రష్‌ని తిరగేసి చూడు, మీ ఇద్దరి వెంట్రుకలూ చుట్టుకుని ఉంటాయి. కత్తెరతో కోసి లాగితే వస్తాయి. లోపలి సంచి, ఫిల్టర్ మాత్రం నాకు వదిలెయ్.

ఎందుకని అడిగావు. ఇప్పుడు చెప్పలేను. వచ్చాక చెప్తాను. డిసెంబర్‌లో చూద్దామని నువ్వు కూడా రాశావు కదా. అది చదివాక వరండాలో నా తిరుగుడు ఇంకా ఎక్కువైంది.

ఇక్కడి స్టోర్ రూమ్‌లో పాత వ్యాక్యూమ్ ఒకటి దొరికింది. ఎవరో దానంగా ఇచ్చారట, ఎవరూ తీయలేదు. దాన్ని ముందేసుకుని కూర్చున్నాను.

విజయేందర్

•

పద్మారావు నగర్,
22 అక్టోబర్ 2024

విజయ్,

ఈ ఉత్తరం రాయకూడదని మూడు రోజులు అనుకున్నాను. రాయకుండా ఉండలేకపోతున్నాను.

దసరా బాగా జరిగింది. మా మామయ్య భద్రయ్యగారు లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసినంత కాలం అక్కడ ఆయుధ పూజకు లేత్ మిషన్ల దగ్గర్నుంచీ సుత్తుల దాకా అన్నిటికీ బొట్టు పెట్టేవారట. అది అత్తమ్మ మనసులో ఉండిపోయింది. మీ బావ స్కూటర్, కుట్టుమిషన్, మిక్సీ, వాటి పక్కన నీ వ్యాక్యూమ్ కూడా పెట్టి పసుపు, కుంకుమ, నిమ్మకాయ, అన్నీ చేసింది. "గిది మన ఇంట్ల అందరికన్న ఎక్కువ పని చేస్తది, దీనికి పెట్టకపోతే ఎట్ల" అంది. నాకు ముద్దొచ్చింది. పూజ అయ్యాక ముగ్గులు, ప్రసాదం పలుకులు అన్నీ ఆ మిషన్‌తోనే ఎత్తేశాను. కాస్త లాగింది.

ఆ తర్వాత వారానికి మిషన్ ఆన్ చేయగానే వాసన వచ్చింది. పుల్లగా, ఘాటుగా. నాకు తెలిసిన వాసన అది. నీ చొక్కాల్లో నేను పీల్చిన వాసన. అత్తమ్మ వంటింట్లోంచి కొంగు ముక్కుకి పెట్టుకుని వచ్చింది. "గిది మందు వాసన గాదా? నాకు తెల్వదా? గా డబ్బల సీస దాసిండు, అది పగిలింది. గందుకే విప్పొద్దన్నడు." మీ బావ స్విచ్ ఆపేసి గదిలోకి వెళ్లిపోయారు.

నేను నీ పక్షాన మాట్లాడదామని నోరు తెరిచాను. ఏమని చెప్పను? రెండు ఉత్తరాల్లోనూ విప్పొద్దన్నావు. ఎందుకంటే చెప్పనన్నావు. ఇప్పుడు సూటిగా అడుగుతున్నాను, చిన్నప్పుడు అమ్మ ముందు నిలబెట్టి అడిగినట్టు. మిషన్‌లో ఏదైనా దాచావా?

హిమజ

•

27 అక్టోబర్ 2024

అక్కా,

మిషన్‌లో నేనేమీ దాచలేదు.

నమ్మితే నమ్ము. లేకపోతే దాన్ని పాత సామాన్లవాడికి వేసెయ్యండి. నన్ను తీసుకెళ్లే విషయం కూడా ఆలోచించి తలనొప్పి తెచ్చుకోవద్దు. ఎక్కడో ఒక చోట ఉంటాను.

విజయేందర్

•

పద్మారావు నగర్,
3 నవంబర్ 2024

విజయ్,

నీకు కోపం వచ్చింది. రానీ. నాకు రాదా?

నువ్వు లేదన్నావు. లేదు అనే మాట నీ నోట నేను ఎన్నిసార్లు విన్నానో గుర్తు తెచ్చుకో. విన్న ప్రతిసారీ నమ్మాను, నమ్మిన ప్రతిసారీ ఈ ఇంట్లో తల దించుకున్నాను. ఇప్పుడు పాత సామాన్లవాడికి వేసెయ్ అని తేలిగ్గా రాశావు. వేసేది మిషన్ ఒక్కదాన్నేనా?

దీపావళికి ఇల్లు దులపాలి. మిషన్ లేదు కనుక చీపురుతోనే దులిపాను. ఎదురింటి సిమెంటు దుమ్ముకి అత్తమ్మకు దగ్గు పట్టుకుంది. మిషన్‌ని బాల్కనీలో ఓ మూలకు నెట్టి పాత దుప్పటి కప్పాం. దాని పక్కనుంచి బట్టలు ఆరేయడానికి వెళ్తే చాలు, ఆ వాసన.

నిన్న అందరూ బయటికి వెళ్లినప్పుడు దుప్పటి తీశాను. క్లిప్పులు రెండే కదా, విప్పడం ఎంతసేపు. దాని ముందు చాలాసేపు కూర్చున్నాను. చేయి రాలేదు తమ్ముడూ. లోపల సీసా ఉందనుకో, ఇక నీ కోసం ఈ ఇంట్లో నేను ఒక్క మాట కూడా అడగలేను. నువ్వు ఎక్కడికి వెళ్తావు? ఉందో లేదో తెలియనంత సేపూ నీకు ఇక్కడ చోటు ఉన్నట్టే అనిపించింది. మళ్లీ దుప్పటి కప్పేశాను.

ఇంత పిచ్చిదాన్ని చేశావు నన్ను.

అక్క

•

వికారాబాద్ దగ్గర,
9 నవంబర్ 2024

అక్కా,

నీ ఉత్తరం బ్యూలా మేడంకి చదివి వినిపించాను. విన్నాక ఆమె ఒకటే అంది: "కోపం తర్వాత పడుదువు గాని, నీకు వచ్చిన పని ఉంది కదా, ముందు అది చెయ్యి." ఆ రోజంతా వరండాలో తిరుగుతూ నీ దసరా ఉత్తరాన్ని మళ్లీ మళ్లీ చదివాను, కస్టమర్ చెప్పిన కంప్లైంట్ విన్నట్టు.

ముగ్గులు ఎత్తేశానని రాశావు. అత్తమ్మ పూజ ముగ్గు సున్నం పొడితో పెట్టదు, బియ్యప్పిండితోనే పెడుతుంది. ప్రసాదం పలుకులు అన్నావు, అంటే పటికబెల్లం, అరటిపండు. అవన్నీ గుడ్డ సంచిలోకి వెళ్లాయి. పొడిగా ఉంటే ఏమీ కాదు, సంచి నిండుతుంది, అంతే. వాసన వచ్చిందంటే లోపల తడి ఉంది. పిండి, తీపి, తడి కలిసి మూత కింద వారం రోజులు ఉంటే ఏమవుతుందో దోసెల పిండి రుబ్బే నీకు నేను చెప్పాలా? అది పులిసింది అక్కా. అదే మీకు మందు వాసన కొట్టింది.

తడి ఎలా వచ్చిందో మాత్రం నాకు తెలియదు. ఎవరైనా మిషన్ మీద నీళ్లు పోశారా? ఇంట్లో అడుగు.

ఇక విప్పు. నేనే చెప్తున్నాను. కానీ ఒక్కదానివే విప్పకు. ఒక్కదానివే విప్పితే సీసా నువ్వే తీసి పారేశావంటారు. బావనీ అత్తమ్మనీ ఎదురుగా కూర్చోబెట్టి విప్పు. ముందు ప్లగ్ పీకినట్టు రెండుసార్లు చూసుకో. కింద పేపర్లు పరిచి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, రెండు క్లిప్పులూ ఎత్తు. సంచిని దులపకు, మెల్లగా అలాగే ఎత్తి బయటపెట్టు. సంచి వెనకాల మోటారుకి అడ్డంగా స్పాంజి ఫిల్టర్ ఉంటుంది, దాన్నీ తియ్యి. రెండింటినీ మంచినీళ్లలోనే ఉతుకు. సబ్బు వద్దు. తర్వాత నీడలో ఆరెయ్యి. చేత్తో ముట్టుకుంటే పొడిగా ఉంది కదా అని తొందరపడి పెట్టేయకు. కుట్ల దగ్గర చెంపకి ఆనించి చూడు, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. తడిది పెడితే మోటారు పోతుంది. మోటారుకి మాత్రం నీళ్లు చూపించకు.

ఇకపై పిండి, విభూతి, అగరుబత్తి బూడిద, ఇలాంటి మెత్తని పొడులు చీపురుతోనే ఎత్తండి. అవి ఫిల్టర్ కళ్లు మూసేస్తాయి.

విజయేందర్

•

పద్మారావు నగర్,
20 నవంబర్ 2024

తమ్ముడూ,

ఎక్కడ మొదలుపెట్టను. ఆదివారం పొద్దున్నే బాల్కనీలో పేపర్లు పరిచాను. అత్తమ్మ కుర్చీ వేసుకుని కూర్చుంది, కోర్టులో సాక్షిలాగా. మీ బావ చేతులకు పాలిథిన్ సంచులు కట్టుకున్నారు. నేను నీ ఉత్తరం పట్టుకుని గట్టిగా చదువుతున్నాను, నేను చదివినట్టే ఆయన చేస్తున్నారు.

క్లిప్పులు ఎత్తగానే వాసన గుప్పుమంది. అత్తమ్మ "చూస్తివా, గదే" అంది. మీ బావ సంచిని రెండు చేతులతో ఎత్తి పేపర్ మీద పెట్టి దాని నోరు విప్పారు. బూడిద రంగు ముద్ద, పైన తెల్ల బూజు. అందులో గునుగు రేకులు, మా వెంట్రుకలు, బొట్టుబిళ్లలు, నిమ్మగింజలు. ఆయన ఒక పుల్లతో ముద్దంతా కెలికారు. సీసా లేదు. గాజు పెంకు కూడా లేదు.

అత్తమ్మ నమ్మలేదు. లేచి వచ్చి, మిషన్ డ్రమ్ములోకి మోచేయి దాకా చెయ్యి పెట్టి చుట్టూ తడిమింది. చాలాసేపు తడిమింది. "ఏం లేదు" అంది చివరికి.

అప్పుడు నీ ఉత్తరంలో తర్వాతి ముక్క చదివాను, నీళ్లు ఎవరైనా పోశారా అని. మీ బావ నా వైపు చూశారు, నేను ఆయన వైపు చూశాను. అత్తమ్మ కొంగు సర్దుకుంటూ మెల్లగా అంది, "మూతి కడగకుండ బొట్టు ఎట్ల పెడ్తరే?"

గొట్టం తగిలించే బెజ్జం ఉంటుంది చూడు, అదే దాని మూతట. పూజకు ముందు గొట్టం పీకేసి, అందులో చెంబుడు నీళ్లు పోసి పుక్కిలింపజేసిందట. నీళ్లు మళ్లీ బయటికి రాలేదేమని అనుమానం కూడా రాలేదా అని మీ బావ అడిగితే, "తాగిందనుకున్న" అంది. మీ బావ నవ్వి నవ్వి పేపర్ల మీదే కూర్చుండిపోయారు. నేనూ నవ్వాను, కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి. అవి నవ్వు నీళ్లు మాత్రమే కావని నీకు చెప్పక్కర్లేదు.

అత్తమ్మ మాత్రం నవ్వలేదు. చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్తూ, "లేని నింద ఏసిన పిలగాని మీద" అంది. ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

సంచి, స్పాంజి నువ్వు చెప్పినట్టే ఉతికాను. రెండు రోజులు నీడలో ఆరేశాను. మర్నాడే పెట్టేద్దామని మీ బావ అంటే, కుట్టు చెంపకి ఆనించి చూపించాను, చల్లగా ఉంది. డ్రమ్ముని పొడిగుడ్డతో తుడిచి ఎండలో బోర్లించాను. బ్రష్‌కి చుట్టుకున్న వెంట్రుకలు కత్తెరతో కోసి తీశాను. గొట్టంలో రూపాయి బిళ్ల వేస్తే ఇరుక్కుంది. మీ బావ బట్టల తాడుకి గుడ్డ కట్టి ఈ చివర నుంచి ఆ చివరకు లాగితే ఓ తంగేడు పుల్ల, దాని వెనకాల బిళ్ల వచ్చాయి. ఇవాళ ఆన్ చేస్తే కాళ్ల పట్టా అంచును పట్టి లాగేసింది. వాసన లేదు.

మిషన్ గురించి నాకు ఇప్పుడు అన్నీ వచ్చినట్టే. ఒక్కటి తప్ప. ఇంత చిన్న పనికి విప్పొద్దు, నేనే వస్తాను అని ఎందుకు రాశావు? ఇప్పుడైనా చెప్పు.

అక్క

•

వికారాబాద్ దగ్గర,
25 నవంబర్ 2024

అక్కా,

నీ ఉత్తరం చదివి ధర్మరాజుకి కూడా వినిపించాను. "తాగిందనుకున్న" దగ్గర వాడు మంచం మీద నుంచి కింద పడ్డాడు. మొత్తం డార్మిటరీ నవ్వింది. అందరితో పాటు నేనూ నవ్వాను.

తర్వాత ఒక్కణ్ణే కూర్చుని మళ్లీ చదివాను. సంచి మీరే ఉతికారు. ఫిల్టర్ మీరే పెట్టారు. కాళ్ల పట్టాను లాగేసింది. సంతోషించాలి కదా. నాకు దిగులేసింది.

ఎందుకు విప్పొద్దన్నానో అడిగావు. చెప్తాను, నవ్వకు. ఆ ఇంట్లో నేను వచ్చి చేయాల్సిన పని ఒక్కటైనా మిగిలి ఉండాలనుకున్నాను. తమ్ముడు కదా అని ఎంతకాలం రానిస్తారు. మిషన్ పాడైంది, బాగుచేసేవాడు రావాలి, అంటే కనీసం గుమ్మం దాటనిస్తారు కదా అనుకున్నాను. ఏడుస్తూ ఇల్లు వదిలి వచ్చిన రోజున నేను చూసుకున్న దారి అదొక్కటే. అది మీకు సీసాలా కనబడుతుందని నాకు తట్టలేదు. తట్టాల్సింది. నా చరిత్ర అలాంటిది.

ఇప్పుడు మిషన్‌కి నేను అక్కర్లేదు. కాబట్టి మిషన్ అడ్డం లేకుండా అడుగుతున్నాను. డిసెంబర్‌లో నన్ను ఇంటికి రానిస్తారా? అవునో కాదో రాయి. చూద్దాం అని మాత్రం రాయకు.

విజయేందర్

•

పద్మారావు నగర్,
2 డిసెంబర్ 2024

తమ్ముడూ,

అవును. రా.

నిన్న అన్నం దగ్గర అడిగాను. ఉపోద్ఘాతం లేకుండా, "విజయ్‌ని ఇంటికి తెస్తున్నాను" అన్నాను. అడగలేదు, చెప్పాను. నాలో అంత ధైర్యం ఉందని నాకే తెలియదు. మీ బావ కంచంలోకి చూస్తూ, "గ్యాస్ సంగతేంది?" అన్నారు. జవాబు అత్తమ్మ చెప్పింది. "పొయ్యి కాడ నేనుంటా. గ్యాస్ బండ రెగ్యులేటర్ నేనే తిప్పుతా, నేనే బంద్ జేస్తా. రానియ్ పిలగాన్ని." మీ బావ తలూపి ఇంకో ముద్ద కలుపుకున్నారు.

ముందు గది ఖాళీ చేస్తున్నాం. మోండా మార్కెట్ నుంచి కొత్త దుప్పటి తెచ్చాను. ఏ రోజు ఎన్నింటికి రావాలో మీ మేడంని అడిగి రాయి, మీ బావా నేనూ వస్తాం.

అక్క

•

వికారాబాద్ దగ్గర,
2 డిసెంబర్ 2024

అక్కా,

నీ జవాబు రాకముందే ఇది రాస్తున్నాను. అది వచ్చాక అయితే రాయలేను.

స్టోర్ రూమ్‌లో దొరికిన వ్యాక్యూమ్ ఇప్పుడు తిరుగుతోంది. మోటారుకి కరెంటు అందించే కార్బన్ ముక్కలు, బ్రష్‌లంటాం, అరిగిపోయాయి, కొత్తవి కావాల్సి వచ్చాయి. అందుకని శనివారం మేడం నన్నూ ధర్మరాజునీ వికారాబాద్ బజారుకి పంపింది. ఇక్కడికి వచ్చాక బయటికి పోవడం అదే మొదటిసారి. ఎలక్ట్రికల్ షాపులో సామాను తీసుకున్నాం, చాయ్ తాగాం. తిరిగి వస్తుంటే దారిలో వైన్స్ షాపు ఉంది. నేను లోపలికి పోలేదు. కానీ నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో తెలియదు, కాళ్లు ఆగిపోయాయి. ధర్మరాజు చెయ్యి పట్టుకుని "నడువు భాయ్" అని లాగాడు. లాగకపోతే ఏమయ్యేదో నాకు నిజంగా తెలియదు. తాగి ఉండకపోవచ్చు. ఉండొచ్చు.

మోండా మార్కెట్ నుంచి మన ఇంటి దాకా దారి నా కళ్ల ముందు తిరిగింది. ఎక్కడెక్కడ ఏ షాపు ఉందో నాకు నోటికి వచ్చు. ఆ దారిలో నా చెయ్యి ఎవరు పట్టుకుంటారు? నువ్వు ఆఫీసులో ఉంటావు, బావ పనిలో. ఇంట్లో ఉండేది అత్తమ్మ, గ్యాస్ స్టవ్.

నువ్వు ఏం రాసినా, అవునన్నా కాదన్నా, నేను ఇప్పుడే రాను. బ్యూలా మేడంతో మాట్లాడాను. ఇంకో ఆరు నెలలు ఇక్కడే ఉంటాను, ఈసారి పేషెంటుగా కాదు. నీళ్ల మోటార్లు, మిక్సీలు, ఫ్యాన్లు చూసుకునే పని ఇస్తామన్నారు. అడిగింది నేనే, రానంటున్నదీ నేనే. తిట్టుకో.

విజయేందర్

•

పద్మారావు నగర్,
7 డిసెంబర్ 2024

విజయ్,

మన ఇద్దరి ఉత్తరాలూ దారిలో ఒకదాన్నొకటి దాటుకుని పోయాయి. నేను రమ్మన్నది నీకు ఈపాటికి అంది ఉంటుంది. నువ్వు రానన్నది నాకు నిన్న వచ్చింది.

ఒక మాట చెప్తాను. చెప్పకపోతే నీ ముఖం చూడలేను. నీ ఉత్తరం చదివాక నాకు ముందు ఏడుపు రాలేదు. హమ్మయ్య అనుకున్నాను. నిలబడి చదువుతున్నదాన్ని అలాగే మంచం మీద కూర్చుని, చాలా రోజుల తర్వాత గుండె నిండా ఊపిరి పీల్చుకున్నాను. ఆ తర్వాత ఏడ్చాను. తమ్ముడు రానంటే హాయిగా ఊపిరి పీల్చుకునే అక్కను నేనేనా అని ఏడ్చాను.

రమ్మని రాసింది అబద్ధం కాదు. మనస్ఫూర్తిగా రాశాను. కానీ రాసిన దగ్గర్నుంచీ నాకు నిద్ర లేదు. ఆఫీసులో కూర్చుని ఇంట్లో గ్యాస్ వాసన వచ్చినట్టు ఉలిక్కిపడుతున్నాను. నువ్వంటే నాకు భయం విజయ్. అత్తమ్మ కంటే, మీ బావ కంటే నాకే ఎక్కువ భయం. ఈ ఇంట్లో నీ పక్షాన మాట్లాడేదాన్ని నేనొక్కదాన్నే కనుక ఆ భయం ఎవరికీ చెప్పుకోలేకపోయాను. ఎవరికీ చెప్పనిది నీకే చెప్తున్నాను చూడు.

అత్తమ్మకు నువ్వు రావని చెప్పాను. ముందు గది పరుపు ఆ రోజే ఎండకు వేసింది. దాన్ని దులుపుతూ దులుపుతూ ఆగిపోయింది. "నేనన్న మాట మనసుల పెట్టుకున్నడా?" అంది. కాదు, తనకు తానే భయపడుతున్నాడు అన్నాను. ఆమె "అట్లయితే బాగయితడు" అంది. మళ్లీ పరుపు దులపసాగింది.

వచ్చే ఆదివారం, 15న, నేను వస్తున్నాను. వికారాబాద్ దాకా రైలు, అక్కణ్నుంచి ఆటో. సందర్శకులను రానిస్తారో లేదో నాకు తెలియదు, గేటు బయట నిలబెట్టినా సరే. అత్తమ్మ సర్వపిండి చేసి ఇస్తానంది. భయం తగ్గాక వద్దామని ఆగితే నేను ఎప్పటికీ రాలేను. అందుకని భయంతోనే వస్తున్నాను. నువ్వు కూడా భయపడుతూనే గేటు దాకా రా. ఇద్దరం అలాగే ఎదురెదురుగా కూర్చుని తిందాం.

అక్క